కాళ్ళు లేని చిప్పు

ఆనకట్ట క్వార్టర్స్,
ఎండలు ముదిరాయి.

ఆడపడుచు గారికి,

వదిన నమస్కరించి రాసుకునేది. కంగారు పడకు. ఇంత మర్యాద చేశానంటే నీతో పని పడిందని అర్థం. ఫోను చేద్దామంటే ఈ కొండల మధ్య సగం మాట నీకు, సగం మాట గాలికి. పైగా ఈ కవరులో ఒక వస్తువు పెట్టాలి.

దూదిలో చుట్టిన నల్లటి ముక్కను చూడు. దాని వీపు మీద ఉన్న గుర్తు మీ ఫ్యాక్టరీదే. మొన్నటిదాకా అది మా తాతగారి గుండెకాయ.

తాతగారంటే మనుషుల్లో తాతగారు కాదులే. ఆనకట్ట గోడ పొట్టలో మనిషి నిలబడి నడిచేంత సొరంగం ఉంటుందని చెప్పాను కదా. అందులో ఇనప పెట్టెలో ఒక పాత నెట్‌వర్కు డబ్బా ఉంది. గోడలో అక్కడక్కడా పాతిన కొలత పరికరాలు చెప్పేదంతా విని, పైన కంట్రోల్ రూముకు చేరవేసేది అదే. నేను ఉద్యోగంలో చేరేనాటికే ముసలిది. ఆకుపచ్చ దీపం ఒకటి మినుకు మినుకుమంటూ ఉంటుంది. ఎవరూ దాన్ని ఆపరు, దులపరు, దగ్గర నిలబడి తుమ్మరు కూడా.

కొత్త డబ్బా కొనుక్కోవచ్చుగా అంటావు. కొత్త డబ్బాలకు మా కేబులు భాష రాదు. బొటనవేలంత లావు కేబులు అది. గోడ కట్టేటప్పుడే కాంక్రీటులో కలిపి పోసేశారు. లాగితే రాదు, మార్చడానికి లేదు. సొరంగం వెంబడి కొత్త కేబులు వేయడానికి మంజూరైతే అయింది గానీ, ఆ పని వానలు వెళ్ళాకే.

విడి డబ్బాలు లేవా అంటావు. ఉండేవి. అవసరానికి చటుక్కున అందాలని మావాళ్ళు వాటిని అదే సొరంగంలో, తాతగారి పక్క అలమరలో పెట్టారు. ఎంత ముందుచూపో చూడు! ఆ చెమ్మలో, పని చేస్తూ ఒళ్ళు వేడిగా ఉన్న తాతగారు బతికారు. పనీపాటా లేకుండా చల్లగా కూర్చున్న మనవలందరూ పచ్చగా చిలుము పట్టి పోయారు. ఒక్క మనవడిలో మాత్రం చిప్పు బతికి ఉంటే పీకి తాతగారికి పెట్టాను. దానికీ అప్పుడే ఆయాసం వస్తోంది.

వరద రోజుల్లో కొలతలు ఆగిపోతే మాకు ఒకటే నియమం. గోడ పరిస్థితి తెలియనప్పుడు గోడ మీద భారం ఉంచకూడదు. గేట్లన్నీ ఎత్తి నీళ్ళు దించేయాలి. అంటే కింది వీధులు మునుగుతాయి. మీ అన్నయ్య పాఠాలు చెప్పే బడి మొదటి వీధిలోనే ఉంది. గేట్లు ఎత్తమని చెప్పాల్సింది నేను.

మీరు చేసిన చిప్పే కదా, ఒక అరడజను పంపించు. నా మీద చూపించాల్సిన ఆడపడుచు పెత్తనమంతా అక్కడ చూపించు.

వదిన

*

ఫ్యాక్టరీ వీధి,
ఇంకా ఎండల్లోనే.

వదినకు,

నీ ముక్క చేరింది. చెప్పడానికి నోరు రాక ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. ఆ చిప్పు మేం చేయడం లేదు. ఆపేసి చాలా కాలమైంది.

నా ఉద్యోగం ఏమిటని మన ఇంట్లో ఎవరడిగినా 'ఫ్యాక్టరీలో ప్లానింగ్' అని తప్పించుకుంటాను. అసలు పని ఇది: ఏ చిప్పు చేసింది ఇక చాలో తేల్చే ఆఫీసులో కూర్చుంటాను. మా పై అధికారిని వెనకాల అందరూ కత్తెర గారు అంటారు. ముందర కూడా ఒకసారి ఎవరో నోరు జారితే ఆయన 'పదును ఉందంటారా?' అని నవ్వి ఊరుకున్నారు.

చిప్పు ఆపేముందు కొనేవాళ్ళకు నోటీసు పంపుతాం. 'ఇది ఆఖరి అవకాశం, మీ యంత్రం జీవితకాలానికి ఎన్ని కావాలో ఇప్పుడే చెప్పండి' అని. మా దగ్గర కొన్నది మీరు కాదు, ఆ డబ్బాలు చేసిన కంపెనీ. వాళ్ళు అప్పటికే దుకాణం కట్టేశారు. కాబట్టి నోటీసు మూసిన తలుపు దగ్గరికి వెళ్ళి ఆగింది. ఆ తలుపు వెనక ఒక గోడ ఉందని, గోడ వెనక నీళ్ళున్నాయని మాకెవరికీ తెలియదు.

నాకు ఎప్పుడూ అనుమానమే వదినా. జీవితకాలానికి ఎన్ని కావాలి అని అడిగే హక్కు మనకుందా? ఎవరి జీవితకాలం అని అవతలివాళ్ళు అడిగితే ఏం చెబుతాం?

కత్తెర గారిని అడిగాను. 'ఇది ఎందుకు ఆపాం సార్?'

'ఎవరూ కొనక.'

'ఎందుకు కొనలేదు?'

'మనం ఆపేస్తామని తెలిసి.'

ఇది జవాబో, జవాబులాంటిదో తేలక తిరుగుతున్నాను. కొన్నాళ్ళు ఆగు. బజారులో మాత్రం కొనకు. ఆగిపోయిన చిప్పుల పేరుతో అక్కడ ఏవేవో అమ్ముతారు.

నీ ఆడపడుచు

*

ఆనకట్ట క్వార్టర్స్,
మబ్బులు కనిపిస్తున్నాయి.

అమ్మాయ్,

నీ ఉత్తరం చేరేలోపే బజారులో కొన్నాను. ఆ వర్తకుడు 'పాత సరుకు, మేడం, బంగారం' అన్నాడు. పెడితే నిప్పులా వేడెక్కింది, ఒక్క మాట పలకలేదు. అన్నీ ఈ కవరులో పెడుతున్నాను. బంగారం ఎంతుందో నువ్వే చూసుకో.

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. 'పాపం, దాని బాధ చూడు' అన్నారు. చెల్లెలి బాధ ఆయనకు బాగానే కనిపిస్తుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎక్కడో బల్ల ముందు కూర్చుని చాలు అంటే ఇక్కడ చాలు అయిపోతుందా? అలాగైతే మీ కత్తెర గారి నోటీసు ఒకటి నదికి కూడా పంపించండి. ఆఖరి అవకాశం, నీ జీవితకాలానికి ఎన్ని నీళ్ళు కావాలో ఇప్పుడే చెప్పు అని.

కోపంలో రాశాను. కొట్టేయను. చదువుకో.

వదిన

*

ఫ్యాక్టరీ వీధి,
గాలి మారింది.

వదినా,

చదివాను. కొట్టేయనందుకు మంచిదైంది. నువ్వు తిట్టకపోతే నేను ఇంకో నెల అనుమానపడుతూ కూర్చునేదాన్ని.

ముందు నీ బంగారం సంగతి. ఎక్స్‌రే తీయించాను. వీటి వీపులు గీకి, నల్ల రంగు పూసి, మా గుర్తు అచ్చు వేశారు. కొన్నిట్లో లోపల ఏమీ లేదు, ఖాళీ. ఒకదానిలో పాటలు పాడే బొమ్మల్లో పెట్టే చిప్పు ఉంది. అది గనక పని చేసి ఉంటే నీ కంట్రోల్ రూములో గోడ లాలిపాట పాడేది.

తరువాత నువ్వు మొదట పంపిన అసలుదాన్ని తెరిచాను. ఆసిడ్ చుక్కతో పైనున్న నల్లటి పూత కరిగిస్తే లోపలి సిలికాన్ బయటపడుతుంది. మైక్రోస్కోపు కింద పెట్టాను. ఇన్నేళ్ళుగా ఈ ఫ్యాక్టరీలో ఉన్నాను, నేను ఆపినవాటిలో ఒక్కదాని ముఖమైనా చూడలేదని అప్పుడు తట్టింది.

నీకెలా చెప్పను! చిటికెన వేలి గోరు కంటే చిన్న ముక్క. దాని మీద వెండి బాటలు ఒకదాని మీది నుంచి ఒకటి దాటుకుంటూ వెళుతున్నాయి, ఒక్కటీ దారి తప్పదు. అంచున దువ్వెన పళ్ళలా బలమైన ట్రాన్సిస్టర్లు వరుసగా ఉన్నాయి. మాటను నీ లావు కేబులు మీదికి తోసేవి అవే. ఒక పన్ను పక్కన కాలిన మచ్చ. ప్రాణం పోయింది అక్కడ.

మూలకు జరిపాను. అక్కడ ఒక నత్త ఉంది.

నిజంగా నత్త. వీపు మీద గుల్ల, రెండు కొమ్ములు. ఆ గీతలకు ఏ పనీ లేదు. ఈ చిప్పును గీసినవాళ్ళెవరో పనంతా అయ్యాక మూలన మిగిలిన కాస్త జాగాలో దాన్ని గీసి, ఎవరికీ కనిపించకుండా నల్ల పూత కింద మూసి, లోకం మీదికి పంపేశారు. నీ గోడ పొట్టలో, అన్ని వానాకాలాలు, చీకట్లో ఆ నత్త కూర్చునే ఉంది. మైక్రోస్కోపు వదిలి లేవడానికి నాకు కాళ్ళు రాలేదు.

ఇక ఎందుకు ఆపామో తెలిసింది. అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. కొలిమి పాతదైందని ఒకరు, సీసం వాడకూడదన్న నియమాలు వచ్చాయని ఒకరు. అవేవీ కాదు. దాని కాళ్ళు.

ప్రతి చిప్పుకూ కాళ్ళను రాగి రేకులోంచి అచ్చుతో కొడతారు. మామూలు చిప్పులకు మామూలు కాళ్ళు సరిపోతాయి. నీది వేడి శరీరం. ఆ వేడి కిందికి దిగిపోవాలని మధ్య కాళ్ళను కలిపి వెడల్పుగా చేశారు. అలాంటి అచ్చు ఒక్క చోటే ఉండేది. అది అరిగిపోయింది. ఆ కాళ్ళు వాడే చిప్పులు తగ్గి తగ్గి చివరికి ఇదొక్కటే మిగిలింది. ఒక్కదాని కోసం కొత్త అచ్చు ఎవరు చేయిస్తారు? అచ్చు లేక కాళ్ళు లేవు, కాళ్ళు లేక చిప్పు లేదు. పెద్ద కారణం కోసం వెతికిన నాకు ఇనుము అరగడం దొరికింది.

అయితే విను. మా కింది అంతస్తులో గాజు తలుపుల అలమరలున్నాయి. వాటిలో గాలి ఉండదు, తుప్పు రాకుండా నైట్రోజన్ మెల్లగా పారుతుంటుంది. కత్తెర గారే తాళం తీసి చూపించారు. అద్దంలా మెరిసే సిలికాన్ పళ్ళేలు. ఒక్కో పళ్ళెం నిండా నీ చిప్పులే. ఇంకా కోయలేదు, కాళ్ళు పెట్టలేదు, మూయలేదు. ప్రతిదాని మూలనా ఒక నత్త. వెలుతురు పడే తీరు మార్చితే నత్తలన్నీ ఒక్కసారి మెరిసినట్టనిపించింది. అంత చిన్నవి కంటికి ఆనవని నాకు తెలుసు, అయినా.

'ఇది ఆగిపోయింది కదా సార్, మరి ఇవేమిటి?' అన్నాను.

'ఆగిపోయింది అది. ఇవి ఇంకా మొదలే కాలేదు' అన్నారాయన. తమాషాకు అన్నట్టు లేదు.

అమ్మడానికి వీల్లేదట. హామీ ఇవ్వడానికి అసలే వీల్లేదు. 'పరీక్షకు మాత్రం తీసుకోవచ్చు. పరీక్ష ఏ గదిలో జరగాలో నియమాల్లో రాయలేదు. ఫలితం మాత్రం నాకు చెప్పాలి' అన్నారు. కాబట్టి వదినా, నీ ఆనకట్ట ఇప్పుడు మా పరీక్షల గది.

కాళ్ళ సంగతి ఆలోచిస్తున్నాను.

నీ ఆడపడుచు

*

ఆనకట్ట క్వార్టర్స్,
వాన.

అమ్మాయ్,

నత్త సంగతి రెండుసార్లు చదివాను. మూడోసారి చదవడానికి తీరిక లేదు.

ఇవాళ మధ్యాహ్నం తాతగారు ఆగారు. స్క్రీను మీద గీతలన్నీ సాఫీగా పడుకున్నాయి. పరుగున సొరంగంలోకి దిగి డబ్బాను వేలితో తట్టాను. మళ్ళీ కదిలారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మీ అన్నయ్యకు కూడా. నీకు చెబుతున్నాను.

నీళ్ళు ప్రమాద సూచికలో కింది గుర్తు దాటితే ఆ సొరంగంలోకి ఎవరూ దిగకూడదు, నేనైనా సరే. అప్పుడు తట్టడానికి కూడా ఎవరూ ఉండరు. ఏం చేస్తావో ఈలోపే చెయ్యి.

వదిన

*

ఫ్యాక్టరీ వీధి,
ఇక్కడా వాన.

వదినా,

ఇద్దరిని పంపుతున్నాను. దూదిలోంచి తీసేటప్పుడు అంచులు పట్టుకో.

చిన్న బోర్డు మీద సిలికాన్ ముక్కను నేరుగా అతికించి, బోర్డు కింద పాత చిప్పు కాళ్ళ కొలతకే సూదులు బిగించాం. తాతగారి చిప్పు గుంటలో సరిగ్గా కూర్చుంటుంది. వేడి లాగడానికి అడుగున మందపాటి రాగి రేకు వేశాం. ముక్కనూ బోర్డునూ కలుపుతున్నవి వెంట్రుక కన్నా సన్నటి బంగారు తీగలు. మైక్రోస్కోపులో చూస్తూ ఒక్కొక్కటే కుట్టాలి. పైన గాజులాంటి జిగురు పోశాం, చెమ్మ లోపలికి రాకుండా. లోపలంతా కనిపిస్తుంది.

ల్యాబులో కుట్టించాను. కుట్టిన చేతికి అలవాటు తప్పి చాలా ఏళ్ళయింది, అందుకే ఒకటి చాలని తెలిసీ రెండు. ఇక్కడి బల్ల మీద రెండూ పలుకుతున్నాయి. నీ గోడలో పలుకుతాయో లేదో నాకు తెలియదు. తెలిసినట్టు రాయాలని రెండు కాగితాలు చింపాను. తెలియదు.

నీ ఆడపడుచు

*

ఆనకట్ట క్వార్టర్స్,
వరద తీశాక.

అమ్మాయ్,

నీ పార్సెల్ వచ్చిన రోజే దిగాను. మొదటిది పెట్టగానే దీపం వెలిగింది. రెండోది నా కొంగులో ముడి వేసుకుని పైకి వచ్చాను. ఆ పక్క అలమరలో మాత్రం పెట్టలేదు. మరునాటికి నీళ్ళు కింది గుర్తు దాటాయి, సొరంగం తలుపు మూసేశాం. ఆ తరువాత తాతగారికి నీ నత్త తోడు, నత్తకు తాతగారు తోడు.

నదిని నువ్వు మామూలు రోజుల్లో చూశావు. ఈసారి వచ్చింది నది కాదు. కొండలన్నీ కరిగి ఒకేసారి కదిలినట్టుంది. చెట్లు నిలువునా కొట్టుకొచ్చాయి. కంట్రోల్ రూములో కాఫీ గ్లాసు బల్ల మీద సన్నగా వణుకుతోంది, పట్టుకుంటే గానీ తెలియనంతగా.

ఆనకట్ట కదులుతుందని నీకు ఎప్పుడైనా చెప్పానా? జనం నమ్మరు. గోడ తల నుంచి పాదం దాకా ఒక బావిలాంటి సందులో ఉక్కు తీగ వేలాడుతుంది. కింద నూనె తొట్టిలో బరువు. తీగ నిటారుగానే ఉంటుంది, వంగేది గోడ. నీళ్ళు నెడితే ముందుకు వాలుతుంది, నీళ్ళు దిగితే వెనక్కి వస్తుంది. ఎంత? బియ్యపు గింజ అంత. అంత పెద్ద కొండలాంటి గోడ, గింజంత! ఆ గింజను తాతగారు చూసి చెబితే, అది స్క్రీను మీద ఒక చుక్కగా కనిపిస్తుంది. ఆ రోజంతా ఆ చుక్క కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంది. నేను దానికేసి చూస్తూ, అది వెళ్ళాల్సిన దారిలోనే వెళుతోందని చూసుకుంటూ, గేట్లు కొంచెం ఎత్తండి, ఇంకొంచెం, ఆపండి, అంటూ ఉన్నాను. గోడ భరిస్తానన్నంత వరకు ఉంచాను, మిగతాది వదిలాను.

బడి నుంచి మీ అన్నయ్య ఫోను చేశారు. ఒడ్డున ఉండేవాళ్ళంతా పిల్లా పాపలతో మేడ మీది తరగతుల్లో ఉన్నారట. 'ఏమంటావు? వీళ్ళందర్నీ కొండ మీదికి తరలించమంటావా? ఈ వానలో ముసలివాళ్ళు నడవలేరు.'

చుక్క వంక చూశాను. కదిలింది. అంటే మాట్లాడుతోంది.

'అక్కడే ఉండండి. గేట్లన్నీ ఎత్తను' అన్నాను.

'అంత ధైర్యంగా చెబుతున్నావు, గోడ నీతో చెప్పిందా?' అన్నారు.

'నత్త చెప్పింది' అన్నాను. పాపం, నాకు మతి పోయిందనుకుని ఫోను పెట్టేశారు.

నీళ్ళు బడి గేటు దాకా వచ్చి, మొదటి మెట్టు తడిపి, వెళ్ళిపోయాయి.

ఇప్పుడు ఇంకొక మాట. కొంగు ముడిలో దాచిన రెండోదాన్ని నిన్న తీరిగ్గా భూతద్దం కింద పెట్టాను. బంగారు తీగలు చూశాను. అన్నీ ఎడమకు కాస్త ఒరిగి, చివరిది మాత్రం బిగించి లాగినట్టుంది. నా చీరలకు ఫాల్స్ కుట్టినప్పుడూ, మీ అన్నయ్య చొక్కాకు గుండీలు కుట్టినప్పుడూ నువ్వు వేసే కుట్టు ఇదే కదుటే! ల్యాబులో కుట్టించావట. ఎవరితో?

భయపడుతూ కుట్టి ఉంటావు. నాకు తెలుసు. తీగల్లో కనిపించలేదు.

వదిన

*

ఫ్యాక్టరీ వీధి,
చలి మొదలైంది.

వదినా,

నేనే కుట్టాను. చాలా పాడు చేశాను ముందు. నేను కుట్టానని తెలిస్తే నువ్వు దాని మీద నమ్మకం పెట్టుకోవేమోనని చెప్పలేదు. లేదు, నిజం చెప్పాలంటే, నువ్వు నమ్మకం పెట్టుకుంటావేమోనని భయపడ్డాను.

ఫలితం చెప్పమన్నారు కదా అని నీ ఉత్తరంలో వరద రోజు సంగతి కత్తెర గారికి చదివి వినిపించాను. ఆయన పళ్ళేల చిట్టా తీసి అందులో ఏదో రాసుకున్నారు. తరువాత 'పరీక్ష పాసైంది' అన్నారు. చిట్టా మూస్తూ 'ఆ అలమరలు ఖాళీ చేయమని పైనుంచి వచ్చింది' అన్నారు. నైట్రోజన్ పైపులు కూడా తీసేస్తారట. పళ్ళేలన్నీ పొడి చేసేస్తారు. దానికి సంతకం పెట్టాల్సింది నేనే.

అంతకు ముందు పరీక్షల పేరున ఎన్ని కుట్టుకున్నా ఆయన అడ్డు చెప్పరు. కాబట్టి మొదటిసారి ఈ ప్రశ్న మూసిన తలుపుకు కాకుండా మనిషిని అడుగుతున్నాను. నీ జీవితకాలానికి ఎన్ని కావాలి వదినా?

నువ్వు ఎన్ని చెబితే అన్ని కుడతాను. తరువాతే సంతకం.

నీ ఆడపడుచు

*

ఆనకట్ట క్వార్టర్స్,
ఆకాశం తేటపడింది.

ఆడపడుచు గారికి,

కొత్త కేబులు పడింది. కొత్త డబ్బాలు, చేతిలో పట్టేంత, గోడ పొడవునా పెట్టాం. విడివి పైన పొడి గదిలో ఉన్నాయి, బుద్ధి వచ్చింది. కొన్నాళ్ళు కొత్తదాన్నీ తాతగారినీ పక్కపక్కనే నడిపించి చూశాను. ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. ఈ కొత్తవాటికీ ఒకనాడు మీ ఆఫీసు నుంచి నోటీసు వస్తుంది. ఈసారి ఆ నోటీసు నా బల్ల మీదికే వచ్చేలా రాయించుకున్నాను.

నిన్న తాతగారిని ఆపాను. ఇంకెవరినీ ఆపనివ్వలేదు. దీపం ఆరింది. ఆ డబ్బా సన్నగా రొద పెడుతూ ఉండేదని అది ఆగాక గానీ నాకు తెలియలేదు. అది ఆగిన తరువాత సొరంగంలో ఇంకో చప్పుడు వినిపించింది. గోడలోంచి నీళ్ళు బొట్టుబొట్టుగా ఊరే చప్పుడు. గోడ కట్టిన నాటి నుంచీ ఉన్నదే. అక్కడే నిలబడి విన్నాను. బయటికి రావాలనిపించలేదు.

తీగ దగ్గరికి కూడా వెళ్ళాను. నీళ్ళు దిగాయి కదా, గోడ వెనక్కి వచ్చింది. కానీ సరిగ్గా పోయినేటి చోటికి కాదు, వెంట్రుకంత ఇవతలికి. మొదట్లో ఇది చూసి భయపడేదాన్ని. అది దాని తీరు. ప్రతి ఏడూ అంతా భరించి తిరిగి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కొంచెం కొత్త చోట నిలబడుతుంది.

ఎన్ని కావాలన్నావు. లెక్క వేద్దామని కూర్చుని లేచాను. ఏమీ వద్దు. సంతకం పెట్టేయ్.

ఒక్కటి మాత్రం పంపు. కుట్టకు, మూయకు. మీ అన్నయ్య బడిలో మైక్రోస్కోపు ఉంది, పిల్లలకు నత్తను చూపిస్తారట. దానికి కాళ్ళు వద్దు. అది ఇంకెక్కడికీ నడవాల్సిన పని లేదు.

వదిన